తడిపి చూడని గుడ్డ

ఆఫీసులో ఆయన్ని డేగ అనేవారు. ఎదుట కాదు, చాటుగా. ఆయనకు తెలుసు. లోపల్లోపల ఇష్టమే.

దిగుమతైన సరుకు ఏ సుంకం కోడు కిందికి వస్తుందో తేల్చడం కస్టమ్స్‌లో ఆయన పని. చేతిసంచి అయితే పైభాగమే లెక్క. పైన వట్టి గుడ్డ ఉంటే ఒక సుంకం. గుడ్డ మీద ప్లాస్టిక్ పొర ఉంటే మరొకటి, చాలా ఎక్కువ. పొర ఉందో లేదో మామూలు కంటితో చూసి చెప్పాలి. భూతద్దం పనికిరాదు. ఇరవై ఆరేళ్లు ఆయన కన్ను తప్పలేదు. తప్పిందని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయిందేమో కూడా.

ఒకావిడ కొత్తగా దుకాణం పెట్టుకుని, ఉన్నదంతా ఊడ్చి విదేశం నుంచి నాలుగు వందల గుడ్డ సంచులు తెప్పించింది. ఆయన ఒకటి తీసి ట్యూబులైటు కింద తిప్పారు. మెరిసింది. ప్లాస్టిక్ పొర అని రాసేశారు.

"గుడ్డేనండీ. నేసినవాళ్ల దగ్గరే కొన్నాను. కాస్త నలిపి చూడండి, మీకే తెలుస్తుంది."

"నలిపి, పిండి, ఆరేయమంటారా అమ్మా? ఇది బట్టలుతికే చోటు కాదు."

పక్కన గుమాస్తా కిసుక్కున నవ్వాడు. "సారు చూశాక ఇక తిరుగులేదమ్మా. కావాలంటే నెలలోపు అప్పీలు చేసుకోండి."

చూసిన ప్రతి సరుకు నుంచీ చిన్న ముక్క కత్తిరించి నోటుబుక్కులో అంటించుకోవడం ఆయన అలవాటు. ఆ ఆదివారం ఇంట్లో ఆ ముక్క అంటిస్తుంటే భార్య వచ్చి చేతిలోకి తీసుకుంది. వేలు తడిచేసి రుద్దింది.

"గంజి బాగా పట్టించారే!"

"గంజేమిటి? ప్లాస్టిక్ పొర అది."

"దుప్పట్లకి గంజి పెట్టీ పెట్టీ నా చేతులు అరిగాయి, నాకు చెప్తారా? ఇలా తెండి."

కుళాయి కింద పట్టింది. ముక్క మెత్తబడి చేతిలో వాలిపోయింది. మెరుపు నీళ్లతో పోయింది. ఆవిడ దాన్ని ఆయన అరచేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పీలు గడువు ఇంకా మూడు వారాల పైనే ఉంది. పై అధికారికి ఒక్క కాగితం రాస్తే సరిపోయేది. సోమవారం రాయబోయారు. 'నా పరిశీలనలో పొరపాటు' అన్నదాకా వచ్చి కలం ఆగింది. గుమాస్తా నవ్వు గుర్తొచ్చింది. ఈసారి అది తన మీద. సంచులావిడ ఎలాగూ అప్పీలు చేస్తుంది, పైవాళ్లే సరిదిద్దుతారు అనుకున్నారు. తన నోటితో చెప్పకుండా గడిచిపోతే అదే పదివేలు.

పదో రోజున ఆవిడ మళ్లీ వచ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఆయన తలుపు సందులోంచి చూసి, వెనక మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆవిడ అప్పీలు చేయలేదు. సుంకం కట్టి సరుకు విడిపించుకోనూ లేదు. సంచులు గోదాములో చెమ్మపట్టి, చివరికి వేలంలో పోయాయి. దుకాణం మూతపడిందని గుమాస్తాయే మాటల మధ్య చెప్పాడు. ఆయన ఫైలు తిరగేస్తూ ఊఁ అన్నారు.

రిటైరైన నాలుగో నెలలో ఆ కాగితం పూర్తిచేశారు. అర పేజీ కూడా కాలేదు. ఆవిడ కోసం వాకబు చేస్తే, ఎవరిదో పరదాల కొట్లో పనిచేస్తోందని తెలిసింది. వెళ్లారు. ఆవిడ గుర్తుపట్టి స్టూలు వేసింది.

కాగితం ఇచ్చారు. ఆవిడ రెండుసార్లు చదివింది.

"ఎప్పుడు తెలిసిందండీ?"

అబద్ధం చెప్పొచ్చు. "ఆ వారమే" అన్నారు.

ఆవిడ ముఖంలో ఏమీ కదల్లేదు. "నేను మళ్లీ వచ్చాను, తెలుసా? అప్పీలు ఎలా రాయాలో మిమ్మల్నే అడుగుదామని. ఇంకెవరూ తెలీదు నాకు."

ఆయనకు వెనక మెట్లు గుర్తొచ్చాయి.

"ఇది ఇప్పుడు ఎవరికివ్వాలి?" అంది కాగితం చూపించి.

ఎవరికివ్వాలో ఆయనకూ తెలియలేదు. కోపంగా అడిగి ఉంటే బాగుండేది. తెలుసుకుందామనే అడిగింది.

ఎవరో కొనడానికి వచ్చారు. ఆవిడ కాగితం మడిచి ఆయన చేతికిచ్చింది.

"కాస్త లేస్తారా? నీలం తాను మీ వెనకే ఉంది."

ఆయన లేచి పక్కకు జరిగారు.