చంద్రమ్మను మోసిన కుర్చీ

మా మంజులకు ఫోన్ పిచ్చి అని బస్తీలో అందరూ అంటారు. నేనూ అన్నాను. ఇప్పుడు నాలుక కరుచుకుంటున్నాను.

మంజులా నేనూ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పని చేస్తాం. ఇళ్లు పక్కపక్కనే, బుద్వేల్‌లో పల్లపు గల్లీలో. ఆమె భర్త లారీ డ్రైవరు, వారానికోసారి కనబడితే గొప్ప. ఇంట్లో ఉండేది తుంటి విరిగి మంచాన పడ్డ అత్త చంద్రమ్మ ఒక్కతే. పోయినేడు హిమాయత్ సాగర్ చెరువు నిండి గేట్లు ఎత్తినప్పుడు నీళ్లు ఆమె మంచం దాకా వచ్చాయి. ఆ రోజు మా ఇద్దరికీ సెలవు కాబట్టి సరిపోయింది, ఎలాగో ఈడ్చుకుంటూ ఎదురింటి మేడ ఎక్కించాం. మేం డ్యూటీలో ఉన్నప్పుడు నీళ్లొస్తే? ఆ భయం మంజులను వదల్లేదు.

ఈ వానాకాలం మొదట్లో ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెట్టింది. "తమ్ముళ్లూ, వరదొస్తే ముసలోళ్లను, పిల్లలను బయటికి తెచ్చేతందుకు పది మంది కావాలె. ఆదివారం కమ్యూనిటీ హాల్ కాడికి రాండ్రి." ఆరు వందల లైకులు వచ్చాయి. ఆదివారం వచ్చింది మాత్రం మేమిద్దరమే. లైకు కొట్టిన వేళ్లకు కాళ్లు లేవా అని నేను తిట్టిపోశాను.

"తిట్టకక్కా," అంది మంజుల. "ఎట్ల పిలిస్తే వస్తరో నాకే తెలుస్తలేదు."

వినాయక నిమజ్జనం రోజు ఫోన్ పట్టుకుని మండపం దగ్గర నిలబడింది. మా బస్తీ కుర్రాళ్లు శివ, పాండు, వాళ్ల జట్టు పెద్ద విగ్రహాన్ని ఆ ఇరుకు గల్లీలోంచి మోసుకొస్తున్నారు. ముందు ఒకడు కర్రతో కరెంటు తీగలు ఎత్తుతుంటే, వెనక ఒకడు "జర ఎడమకు, ఎడమకు" అని అరుస్తున్నాడు. గణపతి చెవి కూడా గోడకు తగల్లేదు. సాయంత్రం ఆ వీడియో పెట్టి కింద రాసింది: "గణపయ్యను గింత పైలంగ మోసిన్రు. మా అత్తను మొయ్యరా?"

మర్నాడు పొద్దున్నే శివ తలుపు కొట్టాడు. వెనక పదకొండు మంది.

"అక్కా, అమ్మను ఎట్ల పట్టుకోవాలె, జర చూపియ్యి."

ప్లాస్టిక్ కుర్చీకి నిమజ్జనం తాళ్లతోనే వెదురు బొంగులు కట్టారు. చంద్రమ్మను కూర్చోబెట్టి ఎదురింటి మెట్లు మూడుసార్లు ఎక్కించి దించారు. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

రెండు వారాలకు మళ్లీ గేట్లు ఎత్తారు. మధ్యాహ్నం, మేమిద్దరం డ్యూటీలో ఉన్నాం. ఇంటికి పోయే దారి మూసేశారని తెలిసింది. శివ ఫోన్ ఎత్తడం లేదు. మంజుల తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

అరగంటకు వాట్సాప్‌లో వీడియో వచ్చింది. మోకాలి లోతు నీళ్లు, కుర్రాళ్ల భుజాల మీద కుర్చీ, కుర్చీలో చంద్రమ్మ. ముందు ఒకడు కర్రతో తీగలు ఎత్తుతున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, పాండు "గణపతి బప్పా" అన్నాడు, అందరూ "మోరియా" అన్నారు. చంద్రమ్మ వంగి వాడి నెత్తిన ఒక్కటిచ్చింది.

"నన్నుగూడ నీళ్లల్ల ఏస్తరా ఏంది? సక్కగ మెట్లెక్కుండ్రి!"

మంజుల పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే తడి నేల మీద కూలబడి ఏడ్చింది. నేనూ మాప్ పక్కన పడేసి కూర్చున్నాను.