బావతోని తెగని హ్యాండ్‌పాన్ పోటీ

మొన్న శుక్రవారం పొద్దుగాల మా మేనమామ ఫ్యామిలీ గ్రూపుల మెసేజ్ పెట్టిండు, సుధాకర్ బావ ఇగ లేడని. ఫోన్ నా చేతులనే ఉంది. గిట్ల కూడ జోకులేస్తరా అని మామకు ఫోన్ జేసి తిట్టిన. ఆయన ఏడ్చిండు. గుండె ఆగిందట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది.

బావంటే మా అక్క భర్త. వరంగల్ బజార్ల బట్టల దుకాణం నడిపెటోడు. ఆయన పేరు చెప్తే అందరికీ ఆయన నవ్వు యాదికొస్తది. నాకు ముందుగాల నా కుళ్లు యాదికొస్తది.

హ్యాండ్‌పాన్ అనే వాయిద్యాన్ని బావకు ఫోన్ల చూపెట్టింది నేనే. రెండు ఇనుప గిన్నెలు మూతికి మూతి అతికించినట్టుంటది. ఒళ్లె పెట్టుకొని, మీదున్న గుంతల మీద వేళ్లతోని తట్టాలె. ఇద్దరం కలిసి ఒకటి తెప్పించినం. ఇద్దరికీ సంగీతం ముక్క రాదు. బావను ఎట్లైనా దాటాలె, బాగుందని ఆయన నోటితోనే అనిపించుకోవాలె, అదే నా పట్టు.

నేను వీడియోలు చూసి దబదబ బాదేటోణ్ణి. బావ గిరాకీ లేనప్పుడు దుకాణంల పరుపు మీద కూసొని, ఒక్కటి తట్టి, ఆ మోత పూర్తిగ ఆగేదాక అట్లనే ఉండేటోడు. నిద్రపోయినవా బావా అంటే, "అది మాట్లాడుతాంది రా బామ్మర్ది. నడుమల నువ్వు మాట్లాడకు జర" అనేటోడు. చీరలకొచ్చినోళ్లు బేరం మర్చిపోయి వినేటోళ్లు. నేను వాయిస్తే మా అక్క మిక్సీ ఆన్ చేసేది. కడుపు మండేది నాకు.

పోయిన దసరాకు దుకాణంల కత్తెరకు, గజం బద్దకు పెట్టినట్టే దీనికి కూడ తడి పసుపు పూసి బొట్లు పెట్టిండు. పండుగైనంక చూస్తే ఒక గుంత తుప్పువట్టింది, గొంతు బొంగురుపోయింది. తడి తగలొద్దని చెప్పలేదా అని అందరి ముందట అరిసిన. బావ నూనె గుడ్డతోని తుడుసుకుంట, పండుగనాడు దాన్నొక్కదాన్ని బొట్టు లేకుండ ఎట్ల ఉంచుత, అలగదా అన్నడు. ఇగ ఈయన పని అయిపోయిందని లోపల ఖుషీ అయిన. ఆయన ఆ గుంతను వదిలేసి, మిగిలిన వాటితోనే కొత్త బాణీ కట్టిండు. మునుపటికన్న మంచిగుంది. నా వేలేమో పోయి పోయి తుప్పు మీదనే పడేది.

పాలకుర్తి గుడికి పోయొస్తుంటే కార్ల అడిగేసిన, నీకొచ్చేది నాకెందుకు వస్తలేదని. నన్ను చూసుకుంట వాయిస్తున్నవ్, దాన్ని చూసుకుంట వాయించు అన్నడు. మళ్ల తనే పందెం పెట్టిండు. అక్క పుట్టినరోజుకు ఇద్దరం వాయించాలె, ఎవరిది బాగుందో తనే చెప్తడట.

"పోటీల ఉన్నోడే జడ్జా?" అన్న.

"నీకు కావాల్సింది నా మాటే కదరా" అన్నడు, తొవ్వ దిక్కు చూసుకుంటనే.

ఆయనకు ఎప్పటినుంచి తెలుసో.

ఆ పుట్టినరోజు వచ్చే నెల.

బావ పేరు మీద పిట్టకు అన్నం పెట్టిననాడు చుట్టాలు, ఇంట్ల ఇగ దాన్ని వాయించెటోనివి నువ్వొక్కనివే అన్నరు. మెచ్చుకున్నట్టే అన్నరు. లేచి బయటికొచ్చిన, లేకపోతే ఎవరినో ఒకరిని కొట్టేటోణ్ణి. ఎదుటోడు రాని పోటీల గెలిచెటోడు ఉంటడా?

నాకు ఇప్పటికీ కుళ్లే. గంత ఓపిక, గంత మెత్తటి చెయ్యి ఒక్క మనిషికే ఎందుకియ్యాలె? ఇచ్చినోడు మళ్ల గింత జల్ది ఎందుకు తీస్కపోవాలె? దండం బావా. రేపు నాకు నిజంగనే వచ్చినా, వచ్చిందని నేను నమ్మెతందుకు నువ్వు లేవు.