తైబజారు ముందుగా కట్టిన ఆపా

మా ఆపా పోయింది. శుక్రవారం పొద్దున కొత్తిమీర కట్టలు కడుతుంటే ఆమె కోడలు ఫోన్ చేసి, "అమ్మీ ఇగ లేదు ఖాలా" అని ఏడ్చింది. ఫోన్ మోగితేనే భయపడే మనిషిని నేను. ఆ రోజు మాత్రం నా భయం నిజమైంది. ఎండాకాలం నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు.

చదివే మీకు ఆమె ఎవరో చెప్పాలి. చుట్టం కాదు. ఖేడ్ వారపు అంగడిలో నా పక్కన కూర్చొని ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అమ్మేది. నాది ఆకుకూర. నా పెనిమిటి చనిపోయిన ఏడు మనూర్ దిక్కు నుంచి గంపతో వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాను. ఆమె పరుచుకున్న గోనెసంచిని తన దిక్కుకు మడిచి జాగా చేసి, "కూసో చెల్లె. ఈ జాగ నీ అయ్యది గాదు, నా అయ్యది గాదు" అంది. అప్పటి నుంచి నాకు ఆపా, అంటే అక్క, అయింది.

మబ్బు పడితే భయం, ఆటో రాకుంటే భయం నాకు. "నీ గంపల ఆకుకూర కంటె భయమే ఎక్కువున్నది. గదే అమ్మరాదే, జల్దీ అమ్ముడువోతది" అని నవ్వించేది. నా బిడ్డ కాన్పుకు దవాఖానలో ఉన్నప్పుడు తన బేరం ఆపుకొని నా పాలకూర మీద నీళ్లు చల్లి, అమ్మి పెట్టింది. ఆ మేలు నేను మరిచిపోలేదు.

మా వరుసకు ఒక అలవాటుంది. తైబజారు, అంటే అంగడిలో కూర్చున్నందుకు కట్టే పన్ను, ముందు పెద్దామె కట్టాలి. ఆమె కట్టనిదే ఎవరూ కొంగు ముడి విప్పరు. మా వరుసకు పెద్ద ఆపానే.

ఈ ఎండాకాలం మున్సిపాలిటీ ఆఫీసు మనుషులు వచ్చారు. తైబజారు పెంచుతామనీ, ఆ పైసలతో ఆడపిల్లల బడికి గదులు కట్టిస్తామనీ అన్నారు. ఆకుకూరలో మిగిలేదే అంతంత మాత్రం, అదీ పన్నుకే పోతే ఏం తినాలి? నేను నోరు తెరిచేలోపు ఆపా లేచింది.

"బడి వద్దంటున్నమా మేము? గా పెద్ద పెద్ద దుకాణాలున్నయి, ఆడికి పోయి అడుగుండ్రి. మన్నుల కూసున్న ఆడోళ్లమే అగ్గువకు దొరికినమా మీకు?"

ఆ సాయంత్రం ఆమె ఉల్లిగడ్డ తూచే తరాజు మీద చేతులు వేసి, పెంచింది కట్టేది లేదని ఒట్టు పెట్టుకున్నాం. మాకు తరాజు మీద ఒట్టంటే అన్నం మీద ఒట్టే. మొదటి చెయ్యి ఆపాది.

మళ్లీ వారం అంగడికి తైబజారు వసూలు చేసేవాడు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆపా కొంగు ముడి విప్పింది. పెంచినదంతా కట్టింది. వరుసంతా నోరు తెరుచుకొని చూసి, తర్వాత ఒక్కొక్కరే ముడులు విప్పారు. నేనూ విప్పాను.

"గిదేంది ఆపా? ఒట్టేస్తివి గదనే!" అన్నాను.

"ఏసిన."

"మరి?"

"నా మనుమరాలు బడిల వరండల కూసుంటున్నది. దుమ్ము, కుక్కలు. గది లేకుంటే బడి బంద్ చేపిస్తనంటుండు నా కొడుకు."

"గా ముచ్చట ముంగట చెప్పొద్దా? నీ మొకం జూసి కూసుంటిమి మేమంత."

"చెప్తే నువ్వు ఏడుస్తవ్. నువ్వేడిస్తే నేను కట్టలేను."

కట్టినందుకు కాదు నా బాధ. చెప్పకుండా కట్టింది. మా చేతులు తరాజు మీద ఉన్నప్పుడే ఆమె మనసు మా దగ్గర లేదేమో అని ఇప్పటికీ అనుమానం. సిర్గాపూర్ నుంచి వచ్చే అక్కాచెల్లెళ్లు ఆ పన్ను మోయలేక అంగడి మానేశారు. హైదరాబాద్‌లో ఇటుకలు మోస్తున్నారట.

నేను మాట మానేశాను. జాగా మాత్రం మార్చలేదు. ఆమె దగ్గితే "దవాఖానకు పొమ్మను" అని అవతల కూర్చునే ఆమెతో చెప్పించేదాన్ని. "నా ఫికర్ బంద్ చెయ్యమను" అని ఆపా ఆమెతోనే తిరిగి చెప్పించేది.

ఆపాను మట్టి చేసిన రోజు వాళ్లింటికి పోయాను. నన్ను అమ్మమ్మ వరుసతో నానీ అనే మనుమరాలు నా ఒళ్లో తల పెట్టి నాయనమ్మను తలచుకొని ఏడ్చింది.

"దాదీ రోజు అడుగుతుండె నానీ, గది ఎంత దాంక లేసిందని. గోడలు లేస్తున్నయని చెప్తుంటి."

"లేస్తున్నయా బిడ్డా?"

తల అడ్డంగా ఊపింది. "వరండలనే కూసుంటున్నం."

వచ్చేటప్పుడు బడి ముందు నిలబడ్డాను. బడి విడిచిపెట్టారు, గేటుకు తాళం ఉంది. లోపల గదుల కోసమని పోసిన ఇసుక కుప్ప ఉంది, దాని మీద గడ్డి మొలిచింది. దీనికోసమా ఆపా, నువ్వు మమ్మల్ని విడిచి ఆఫీసోళ్ల దిక్కు పోయింది? మమ్మల్ని నువ్వు మోసం చేస్తివి, నిన్ను వాళ్లు మోసం చేసిండ్రు అని ఆమె మొహం మీదే అనాలనిపించింది. కొట్లాడటానికి మనిషి లేదు.

వాన మొదలైంది. ఇసుక కొంచెం కొంచెం కరిగి, గేటు కింది నుంచి సన్నగా రోడ్డు మీదికి వస్తోంది.