తోపాయనను పట్టించిన రేడియో ఇన్‌స్పెక్టరు

అల్లూరికి తూర్పున, సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఉన్న ఊళ్లో నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. తోడుగా మా అమ్మ వచ్చింది. అమ్మ మిషన్‌లో బైబిలు స్త్రీగా ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పడం, జబ్బుపడ్డవాళ్ల పక్కన కూర్చుని ప్రార్థన చేయడం ఆమె పని. ఉద్యోగం మానేసిందే గాని అలవాటు మానలేదు. కొత్త ఊళ్లో దిగిన వారానికల్లా ఎవరింట్లో ఏ జబ్బుందో, ఎవరికి ఏ దురలవాటుందో అమ్మకు తెలిసిపోయింది.

ఆ ఊళ్లో ఆమె కంటికి బాగా ఆనినవాడు ఒకాయన ఉన్నాడు. ఊరికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోపులో ఆయన సారా కాచేవాడు. అవి మద్యనిషేధం రోజులు. అయినా ఆ సంగతి తెలియనివాళ్లు ఊళ్లో లేరు. అందరూ ఆయన్ని తోపాయన అనేవాళ్లు. నిలువెత్తు మనిషి, చెంపల దాకా మీసాలు. అమ్మ రెండుమూడుసార్లు తోపు దాకా నడిచివెళ్లి మాట్లాడింది. వెళ్లినప్పుడల్లా ఆయన లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు పరిచి కూర్చోబెట్టి, తాటిముంజెలు కొట్టించి ఇచ్చి, చెప్పినదంతా తలూపుతూ విని మర్యాదగా సాగనంపేవాడు. అమ్మ తోపు దాటేసరికి పొయ్యి మళ్లీ అంటుకునేది.

ఊళ్లో ఒకే ఒక్క రేడియో, పంచాయతీ ఆఫీసులో ఉండేది. బయట స్తంభానికి లౌడ్‌స్పీకరు కట్టారు. వారానికోసారి సాయంత్రం పూట పోలీసు నాటకం వచ్చేది. జమీందారు గారింట్లో ముత్యాలహారం పోతుంది, ఒక ఇన్‌స్పెక్టరు దాన్ని వెతుకుతుంటాడు. ఏ వారానికావారం కథ సరిగ్గా గుండె ఆగిపోయే చోట ఆపేవాళ్లు. ఊళ్లో సగం మంది ఆ స్తంభం కింద చేరేవాళ్లు. అమ్మకది లోకసంబంధమైన వ్యవహారం. కిటికీ మూసేసి బైబిలు ముందేసుకునేది. నేను వంటింట్లో పులుసు కలుపుతూ చెవి మాత్రం పంచాయతీ ఆఫీసుకు పంపేదాన్ని.

మామూలుగా సాయంత్రమయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి తోలేది కాబట్టి రేడియో మాటలు తోపు దాకా పోయేవి కావు. నేను చెబుతున్న రోజున మాత్రం పడమటి గాలి. ఊళ్లో మాట ఊళ్లో ఆగకుండా తిన్నగా తోపులోకే వెళుతోంది.

బొమ్మిడాయల పులుసు కుతకుతలాడుతోంది. బయట పోలీసు ఈల మోగింది. వెనకే ఇన్‌స్పెక్టరు గొంతు:

“ఎవరూ కదలొద్దు! తోట చుట్టూ మా వాళ్లున్నారు. నువ్వెవరో మాకు తెలుసు. మర్యాదగా బయటికి రా!”

కాసేపటికి మా పెరటి తలుపు దబ్బున తెరుచుకుంది. తోపాయన. పంచె మోకాళ్ల దాకా తడిసిపోయి ఉంది, ఒంటి నిండా పులిసిన బెల్లం వాసన. నన్ను దాటుకుంటూ గదిలోకి పరిగెత్తి అమ్మ మంచం కింద దూరాడు. అది చిన్న మంచం. మనిషి సగమే పట్టాడు. కాళ్లు రెండూ బయటే మిగిలాయి.

“ఏమైందన్నా?” అన్నాను.

“గమ్మునుండు టీచరమ్మా! పోలీసులు దిగినారు. తోపు చుట్టూ నిలబడుండారంట. మైకులో చెప్తా ఉండారు, వినపళ్లేదా? నేనెవరో తెలుసంట. ఎవరు చెప్పినారో ఏమో! కాలవలో పడి వచ్చినా, మీ ఇంట్లో అయితే ఎవరూ ఎతకరు.”

అది నాటకమన్నా అని చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ వేలెత్తి నన్ను ఆపింది. లేచి దుప్పటి తీసి ఆయన కాళ్ల మీద కప్పింది. తర్వాత అదే మంచం మీద నిదానంగా కూర్చుంది.

“ఏం నాయనా, ఇప్పుడన్నా ఆలోచించుకుంటావా?”

“ఇప్పుడా అమ్మా! వాళ్లకి వినపడతాది.”

“ప్రార్థనకు గట్టిగా అరవాల్సిన పని లేదు. లోపల చెప్పుకున్నా చాలు.”

బయటి నుంచి ఇన్‌స్పెక్టరు, “నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది!” అన్నాడు.

“విన్నావు గదా,” అంది అమ్మ.

“ఒప్పుకుంటా ఉండానమ్మా, ఒప్పుకుంటా ఉండా. సారా కాసినాను. ఇంక కాయను, నీ దేవుడి మీద ఒట్టు. ప్రెసిడెంటు గారి పొట్టేలు పోయింది చూడు, అది కూడా నేనే.”

“పొట్టేలు సంగతి నేనడగలేదు నాయనా.”

“ఎట్టాగూ వచ్చినాను గదా, అదీ చెప్పేస్తే పోతాది.”

నేను పైట చెంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగాను. అమ్మ మాత్రం కళ్లు మూసుకుని నిజంగానే ప్రార్థన చేస్తోంది. బయట ఫిడేలు మోగింది. ఆ తర్వాత ఒక ఆడగొంతు చాలా శాంతంగా, “ఇప్పుడు రైతులకు సూచనలు. వరిలో కాండం తొలిచే పురుగు కనిపించినప్పుడు...” అంటూ మొదలుపెట్టింది.

 మంచం కింద నుంచి సన్నగా ప్రశ్న వచ్చింది.

“అమ్మా, పోలీసోళ్లు పురుగు మందు గురించి చెప్తా ఉండారేంది?”

ఇక నా వల్ల కాలేదు. నేలమీద కూలబడి నవ్వాను. తోపాయన మీసానికి బూజుతో బయటికొచ్చి నన్ను చూశాడు, అమ్మను చూశాడు.

“నాటకమా?”

“నాటకమేనన్నా. రేడియోలో.”

కోప్పడతాడనే అనుకున్నాను. అంత మనిషి లేచి ఒక్క అరుపు అరిస్తే మా ఇంటి పెంకులు కిందికి రావాల్సిందే. ఆయన మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, మీసానికి అంటిన బూజు దులుపుకుంటూ అడిగాడు: “ఇంతకీ ఆయన దేనికోసరం వచ్చినాడు?”

ముత్యాలహారం కథంతా మొదటి నుంచి చెప్పాను. అన్నం పెడితే, తింటూ మధ్యమధ్య ముద్ద ఆపి మరీ విన్నాడు.

ఈలోగా తోపులో ఆయన మనుషులు చేయాల్సిందంతా చేసేశారు. ఇన్‌స్పెక్టరు గొంతుకు హడలిపోయి కుండల్లో ఊరుతున్నదంతా పంటకాలువలో కుమ్మరించి, కుండలు పగలగొట్టి పారిపోయారు. మర్నాడు పొద్దున కాలువలోకి దిగిన బాతులమంద గట్టెక్కలేక నానా అవస్థా పడింది. కొన్ని వెనక్కి నడిచాయి. ఒకటి మా బడి గుమ్మంలో మెడ వాల్చి పడుకుంటే ఆ పూట పిల్లలకు పాఠం చెప్పడం నా తరం కాలేదు. తోపాయన గట్టు మీద నిలబడి ఆ బాతుల్నే దిగులుగా చూశాడు.

ఆ సాయంత్రం మళ్లీ మా ఇంటికొచ్చాడు.

“అమ్మా, పోలీసులే అబద్ధమైనప్పుడు నేనేసిన ఒట్టు ఎట్టా చెల్లుతాది?”

“పోలీసులు అబద్ధమే నాయనా. నువ్వు ఒట్టేసింది వాళ్ల మీద కాదు గదా.”

ఆయన తల గోక్కున్నాడు. బేరమాడి చూశాడు. చివరికి ఆ నాటకం అయిపోయేవరకూ పొయ్యి వెలిగించనన్నాడు. అమ్మ అంతకు ఒప్పుకుంది. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. సరుగుడు కట్టెలు కొట్టి బండి మీద అల్లూరికి తోలాడు. పొట్టేలు విషయంలో ప్రెసిడెంటు గారితో ఎలా సర్దుకున్నాడో గాని, ఇద్దరూ పలకరించుకోవడమైతే మానలేదు. తర్వాతి సంగతి దాచడమెందుకు, నాటకం అయిపోయిన కొన్నాళ్లకు తోపులో మళ్లీ పొగ లేచింది. అమ్మ మళ్లీ నడిచి వెళ్లింది. మళ్లీ ముంజెలు తినొచ్చింది.

అయితే ఆ మధ్యలో వచ్చిన సాయంత్రాలు ఎంత బాగుండేవని! నాటకం రోజున స్తంభం కింద అందరికంటే ముందు తోపాయన తయారు. ఒట్టు తప్పుతాడేమో చూడాలన్న వంకతో అమ్మ కూడా నా వెంట వచ్చేది. రెండోవారం నుంచి ఆ వంక కూడా మానేసింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దొంగ ఎవరన్న దాని మీద వాదులాడుకునేవాళ్లు.

“ఆ ఇన్‌స్పెక్టరేనమ్మా తీసింది. లేకపోతే అన్నీ ముందే ఎట్టా తెలుస్తాయి?”

“కాదు. జమీందారు తమ్ముడు. మాటకు ముందొక సిగరెట్టు ముట్టిస్తాడు చూడు, వాడే.”

చివరి భాగంలో దొంగ దొరికాడు. ఇన్‌స్పెక్టరు కాదు, తమ్ముడూ కాదు. జమీందారు కూతురికి పాటలు నేర్పే సంగీతం మేష్టారు! మెత్తటి గొంతుతో అందర్నీ బాబూ అని పిలిచే ముసలాయన. సంకెళ్లు వేస్తుంటే ఆయన ఏడ్చాడు. తోపాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచి వెళ్లిపోయాడు. 

పడుకునే ముందు ప్రార్థనలో అమ్మ ఎప్పటిలాగే మా చుట్టాలను, బడి పిల్లలను, ఊళ్లో జబ్బుపడ్డవాళ్లను తలుచుకుంది. చివర్న, “ఆ సంగీతం మేష్టారిని కూడా క్షమించు తండ్రీ, ఆయన పెద్దవాడు,” అంది.

నేను ఆమెన్ అన్నాను.