మెట్ల మలుపులో పటం

మా అమ్మ తిరుచానూరులో ఒక లాడ్జిలో పదహారేళ్లు గదులు ఊడ్చింది. అక్కడ మెట్ల మలుపులో ఒక పటం ఉండేది. ఎవరో విదేశీ చిత్రకారుడు నూట యాభై ఏళ్ల కిందట వేసిన పడుచుపిల్ల బొమ్మకు అచ్చు కాపీ. నల్లటి జుట్టు, భుజాల మీద శాలువ, తల కొంచెం పక్కకు తిప్పి చూస్తూ ఉంటుంది. తేమకూ దుమ్ముకూ రంగులు మాసిపోయి, ఆ పిల్ల చామనఛాయకు దిగింది.

మా అక్క పదిహేడో ఏట విషజ్వరంతో పోయింది. అప్పుడు నాకు ఆరేళ్లు. ఇంట్లో ఉన్న అక్క ఫొటోలు రెండే. మరుసటి ఏడు వానలకు ఇల్లు కురిసి అవి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే మొహాలు ఊడి వచ్చాయి. ఆ తర్వాత లాడ్జిలో పనికి చేరిన కొత్తలోనే అమ్మ ఆ పటం చూసి, బకెట్టు కింద పెట్టి నిలబడిపోయిందట. సెలవుల్లో నన్ను వెంట తీసుకుపోయి చూపించి, మీ అక్క ఇట్లాగే చూసేదని చెప్పేది. నాకు అక్క మొహం గుర్తులేదు. అక్క అంటే నాకు ఆ పిల్లే.

నాకు శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చాక అమ్మ చేత పని మానిపించాను. అయినా శుక్రవారం అమ్మవారి గుడికి పోయినప్పుడల్లా లాడ్జికి వెళ్లి పటం చూసి వచ్చేది. పోయిన ఏడాది లాడ్జి చేతులు మారింది. కొత్త ఓనరు మెట్లకు టైల్స్ వేయిస్తూ, పటాలన్నీ పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. అది తెలిసిన రోజు అమ్మ అన్నం తినలేదు.

డ్యూటీ బస్సులో పోతూ వస్తూ నేను ఫోనులో వెతికాను. నాలుగు రోజులకు ఆ బొమ్మ దొరికింది. తిరుపతిలో పెద్దదిగా ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి తెచ్చాను. అమ్మ కొంగుతో అద్దం తుడిచి చాలాసేపు చూసింది.

"ఈ పిల్ల ఎవురో పాపా," అంది. "మీ అక్క కాదు."

పాతది మాసిపోయిందని, దీని అసలు రంగు ఇదేనని నచ్చజెప్పబోయాను. ప్రింటులో ఆ పిల్ల పాలలాగా తెల్లగా ఉంది. కళ్లు నీలం. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇన్నేండ్లూ ఆ పటాన్నే సూస్తా ఉంటిని గదా. కండ్లు మూసుకుంటే అదే వస్తాండాది. మీ అక్క మొగం రానే రాదు పాపా."

అక్క ఎట్లా ఉండేదో చెప్పమని అడిగాను. కనుబొమ మీద గాటు ఉండేదంది, చిన్నప్పుడు మంచంకోడు తగిలిందట. ఏ కనుబొమ అన్నాను. కుడి అంది. కాదు, ఎడమ అంది. తర్వాత మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

నేను ఆ మాట అడగకుండా ఉండాల్సింది.