పాత ప్రతులకు చోటు

శనివారం పొద్దున తిరుపతిలోని ఒక చిన్న హాల్లో మా వైష్ణవ గోష్ఠి కూర్చుంటుంది. హాలు వెనక గదిలో ఒక సర్వర్ ఉంది. కాలేజీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం నాది కాబట్టి దాని బాధ్యత కూడా నాదే. మాకు శాస్త్రం చెప్పే అయ్యవారు శరణాగతి మీద ఆరేళ్ళుగా రాస్తున్న వ్యాఖ్యానం అందులోనే ఉండేది.

సర్వర్ పెట్టిన రోజున అది నన్నొకటి అడిగింది. వారానికోసారి ఫైళ్ళ పాత రూపాలను దాచాలంటే ఎక్కడ దాచాలి, ఇదే డిస్కులోనా, వేరే డిస్కులోనా? వేరే డిస్కు మా దగ్గర లేదు. ఇందులోనే అన్నాను. తర్వాత మార్చుకోవచ్చులే అనుకున్నాను.

"మా యింట్లో ముసలామె చిరిగిన చీరలు దాసినట్ల దాస్తా ఉండాదే నీ పెట్టె!" అని మా కార్యదర్శి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఈ ఏడు వానలు మొదలయ్యే ముందు అయ్యవారి భార్య పోయింది. కర్మలన్నీ అయ్యాక ఆయన పాకాల నుంచి రైల్లో వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఆ మూడో అధ్యాయం తీసెయ్ అబ్బా."

శరణాగతికి ఆరు అంగాలు, అంగానికో అధ్యాయం. మూడోది, రక్షిస్తాడన్న నమ్మకం. ఆయన రాసినవాటిలో నాకు కంఠతా రావాలనిపించింది అదొక్కటే.

"ఎందుకు స్వామీ?"

"నాకు తెలియని మాట రాసినాను. తీసెయ్."

తీసేశాను. పాత రూపంలో ఉంటుందిలే అన్న ధైర్యంతోనే తీసేశాను.

భగవంతుడి పేరున్న కాగితాన్ని మేం పాత పేపర్లవాడికి వెయ్యం, నీళ్ళలో కలుపుతాం. గదిలో అయ్యవారి చేతిరాత కట్టలు, ఆయన దిద్దిన ప్రింట్లు నడుం ఎత్తు పేరుకున్నాయి. స్వర్ణముఖి నదిలో నీళ్ళు వచ్చిన వారం కార్యదర్శి అడిగాడు: "అంతా పెట్టెలో ఉండాదా అప్పా? కలిపేద్దామా?"

"ఉండాది. పాతవి కూడా ఉండాయి" అన్నాను. ఒక కట్ట నేనే తలమీద పెట్టుకుని మోశాను. కాగితం వెంటనే మునగదు. కాసేపు తేలి, సిరా కారి, అప్పుడు మునుగుతుంది. మేం చేతులు జోడించి నిలబడ్డాం.

ఆ తర్వాత రెండు వారాలకు ప్రవచనాల వీడియోలతో డిస్కు నిండిపోయింది. కొత్త డిస్కు కొన్నాం. పాత రూపాలను ఇకమీదట అందులో దాచమని చెప్పబోయాను. చోటు మార్చాలంటే ఇంతవరకు దాచినవన్నీ ముందు తుడిచెయ్యాలంది సర్వర్. తుడవనా అని అడిగింది కూడా. మూడో అధ్యాయం గుర్తు రాలేదా అంటే, వచ్చింది. తీసెయ్యమన్నది అయ్యవారే కదా అనుకున్నాను. దాన్ని విడిగా ఒక ఫైలుగా తీసిపెట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది. అవతల గోష్ఠి మొదలవుతోంది. సరే అని నొక్కి, వెళ్ళి కూర్చుని గొంతెత్తి పాశురాలు చదివాను.

మరుసటి శనివారం అయ్యవారు మెట్లెక్కుతూనే పిలిచారు.

"ఏమబ్బా, ఆ మూడోదాన్ని మళ్ళా పెట్టాల. దుఃఖంలో కొట్టేయిస్తిని. అది లేకుంటే మిగతా అయిదూ నిలబడవు."

నేను చెప్పాను. ఆయనకు వెంటనే అర్థం కాలేదు.

"నీళ్ళలో కలిపింది కాగితమే గదా? పెట్టెలోది యాడికి పోతాది?"

మళ్ళీ చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను రాసుకోమని కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టారు. రెండు వాక్యాలు వచ్చాయి. మూడోది సగంలో ఆగిపోయింది.

"రాదబ్బా," అన్నారు. "అది రాసినోడు ఆమె ఉన్నప్పటోడు. వాడిప్పుడు లేడు."

పుస్తకం ఈ నెలలో ప్రెస్సుకు ఇవ్వాలి. ఆయన రావడం మానేశారు. ఫోన్ చేస్తే, ఉన్నది ఉన్నట్టు వేసెయ్యమంటారు. నాకు చిన్నప్పటి నుంచీ ప్రార్థన తప్ప వేరే దారి తెలియదు. ఇప్పుడు కూర్చుంటే ఏమని అడగాలో తోచదు. తిరిగి ఇమ్మని అడగాల్సినదాన్ని నా వేలితోనే తుడిచేశాను.

అధ్యాయాన్ని తీసిన రోజు విషయసూచికలో దాని పేరు తియ్యడం మరిచిపోయాను. నిన్న ప్రూఫు చూస్తుంటే కనబడింది. మూడో వరుసలో "రక్షిస్తాడు" అని, ఎదురుగా పేజీ నంబరు. ఆ పేజీ తిరగేస్తే, ఆ రోజు ఆయన చెబితే నేను ఎక్కించిన రెండున్నర వాక్యాలున్నాయి. కింద అంతా తెల్ల కాగితం.