మిగిలిపోయిన రాగి పట్టీ

ఒక ఆదివారం ఉదయం యానాం ఫరంపేటలో మా వీధి వీధంతటినీ ఇళ్ళలోంచి బయటికి పరుగెత్తించిన ఘనత నాది. తుఫాను హెచ్చరికకి కూడా మంచం దిగని మనుషులు వాళ్ళు. అలాంటివాళ్ళని లేపింది నేను సొంత చేతులతో వైరింగ్ చేసిన జీపు. నవ్వండి, ఫరవాలేదు. యానాం అంతా ఇంకా నవ్వుతూనే ఉంది.

ఆ జీపు నేను కొన్నది కాదు, పోగేసింది. బాడీ ఒకచోట, డీజిల్ ఇంజన్ ఇంకోచోట, సీట్లు మరోచోట దొరికాయి. ఆఫీసులో గుమాస్తా పని చేసుకునేవాడికి ఇదంతా ఎందుకని మీకు అనిపించవచ్చు. మా ఆవిడ సుజాతకి రోజూ అనిపించేది. ఎందుకంటే జీపు ఉన్నది మా ఇంటి ముందు షెడ్డులో, ఆ షెడ్డులో టైలరింగ్ షాపు పెట్టాలన్నది ఆమె ఆశ. షెడ్డుకి సందు వైపు గేటు, వీధి వైపు గోడ. గోడకి గుమ్మం తీయించడానికి మేస్త్రీతో కూడా మాట్లాడేసుకుంది. అడ్డం నా జీపొక్కటే.

"ఏవండీ, ఇది కదిలేదెప్పుడు, నేను షాపెట్టేదెప్పుడు?"

"వైరింగ్ అయిపోతే దానంతటదే కదుల్తాది."

"కిందటేడూ ఇదే మాటన్నారు."

వైరింగ్ నేను ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నాను. మొదట్లో ఎలాగూ ఛానెల్‌కి సబ్‌స్క్రైబ్ చేయమనే సోదే కదా అని ఆ భాగం దాటించేశాను. ఎన్ని తీగలు కలిపానో, ఎంత టేపు చుట్టానో ఆ దేవుడికే తెలియాలి. అన్నీ బిగించాక ఒక వెడల్పాటి రాగి పట్టీ మిగిలింది. మా ఊరి ఉప్పుగాలికి చిలుము పట్టి పచ్చబడిపోయి ఉంది.

"ఇదెక్కడిదండీ?" అంది సుజాత.

"మిగిలిపోయింది. అక్కర్లేదు."

బిగించాక ఏదైనా మిగిలిందంటే అది అవసరం లేనిదని అప్పట్లో నా సిద్ధాంతం. ఆమె ఆ పట్టీని చింతపండుతో తోమి, తళతళలాడించి, గొళ్ళెం ఊడిపోయిన గేటుకి కట్టుకుంది.

లైట్లు వెలిగాయి. హారను మోగింది. వైపర్లు ఆడాయి. ఇంజన్ మాత్రం, తాళం తిప్పితే 'టిక్' అనేది. అంతే! తీగలన్నీ విప్పి మళ్ళీ కలిపాను. టిక్. దాన్ని బతిమాలాను, తిట్టాను, చెప్పకూడదు గానీ ఒకసారి చెప్పుతో కూడా కొట్టాను. టిక్. ఏడుపొచ్చేసింది నాకు.

చివరికి సుజాత తేల్చి చెప్పేసింది. "ఆదివారం మా నాన్నొత్తాడు. ఆయన ముందు స్టార్టయితే జీపుంచుకోండి, షాపు మాటెత్తను. అవ్వకపోతే సోమారం దీన్ని పాత ఇనప సామాన్ల బండెక్కించేత్తాను."

"సరే" అన్నాను, పౌరుషం కొద్దీ.

మావగారిది మెట్టకూరు, సొంతంగా చేపల వేట పడవ ఉంది. ఆదివారం వస్తూ వస్తూ ఆటోలో పెద్ద బ్యాటరీ ఒకటి దింపించారు.

"మీ బ్యాటరీ చాలట్లేదేమోనండి అల్లుడుగారూ. ఇది పడవదండి. దీనికి లొంగని ఇంజను లేదండి, ఆయ్!"

బిగించాను. తాళం తిప్పాను. డాష్‌బోర్డు కింద ఏదో కమురు వాసన వేసింది, ఆ వెంటనే ఇంజన్ భళ్ళున అందుకుంది! నా జీపు, నా వైరింగు, నా ఇంజను! స్టీరింగుని ముద్దు పెట్టుకున్నాను. సుజాత ముఖం చిన్నబోయింది. అది చూసి కాస్త బాధేసింది గానీ, గెలుపు గెలుపే.

"సరేలెండి, ఉంచుకోండి" అంది. "ముందు ఆపండి, చెవులు పోతన్నాయి."

తాళం తీసేశాను. ఆగలేదు. డీజిల్ ఇంజన్ ఒకసారి అందుకున్నాక దానికి కరెంటుతో పనిలేదు. ఆపడానికి విడిగా ఒక తీగ ఉంటుంది, దాన్ని లాగాలి. లాగాను. రాలేదు. కాలిపోయి తొడుగుకి అతుక్కుపోయింది. యాక్సిలేటర్ తీగదీ అదే గతి. ఇంజన్ గొంతు పెంచేసింది. షెడ్డు నిండా పొగ. వీధిలో జనం పోగయ్యారు.

"ఆపండెహె!" అని సుజాత అరుపు.

"ఆగట్లేదే!"

"ఇన్నాళ్ళూ స్టార్టవ్వట్లేదన్నారు, ఇప్పుడు ఆగదంటారేంటండీ!"

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. టాప్ గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలేస్తే ఎంతటి ఇంజనైనా చచ్చినట్టు ఆగుతుంది. వేశాను, తొక్కాను, వదిలాను. బ్రేకుల్లో ఇంకా ఆయిల్ పోయలేదన్న సంగతి గాల్లో ఉండగా గుర్తొచ్చింది.

జీపు ఒక్క గెంతు గెంతి, వీధి వైపు గోడలోకి మూతి దూర్చేసి, అప్పుడు ఆగింది. ఇటుకలు వీధిలోకి రాలాయి. అదృష్టం, జనం అప్పటికే పొగకి జడిసి దూరంగా జరిగారు.

మావగారు పరుగున వచ్చి నన్ను కిందకి దింపారు. సుజాత నా వైపు చూడలేదు. వీధిలోంచి చుట్టూ తిరిగి వచ్చి, మెడలోని కొలత టేపు తీసి, గోడకి పడిన కన్నాన్ని అటూ ఇటూ కొలిచింది.

"నాన్నా, మేస్త్రీకి ఫోన్ చేసి గుమ్మం తీయక్కర్లేదని చెప్పెయ్. షట్టర్ పెట్టేవోణ్ణి రమ్మను."

ఇక జీపు ఉంచుకుంటానని అడగడానికి నాకు నోరు రాలేదు. సోమవారం అది ఇనప సామాన్ల బండి ఎక్కి వెళ్ళిపోతుంటే, నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి.

ఆ మధ్యాహ్నమే వీడియో మొదటినుంచీ చూశాను. అందులో ఆయన చెప్పిన మొట్టమొదటి మాట: "ముందుగా ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఈ రాగి పట్టీ బిగించండి. మర్చిపోతే కరెంటంతా ఇంజన్ ఆపే తీగ, యాక్సిలేటర్ తీగ లాంటి సన్న తీగల్లోంచి పోయి వాటిని కాల్చేస్తుంది."

భుజం మీదుగా చూస్తున్న సుజాత, "అయ్యో, ఇది మన గేటుకున్నదే కదండీ!" అంది.

కాబట్టి అష్టదిక్పాలకుల సాక్షిగా, మా షాపుకొచ్చే ఆడవాళ్ళందరి సాక్షిగా శపథం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ వీడియో మొదలు దాటించను, మిగిలిన వస్తువుని అక్కర్లేదనను. మొన్న నేను సుజాత కుట్టు మిషను విప్పి బిగించినప్పుడు ఒక మరమేకు మిగిలింది. అక్కర్లేదనకుండా తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. మిషను దగ్గరికి నన్ను ఆమె మళ్ళీ రానివ్వలేదు.